సగం విప్పిన బండి ఫొటో

మొన్న ఆదివారం పొద్దుగాల మా పాత బండ్లోళ్ల వాట్సాప్ గ్రూపుల ఒకాయన మెసేజ్ పెట్టిండు. "అన్నలూ, సగం సగం పని ఫొటోలు పెట్టకుండ్రి, ఫోన్‌ల జాగ సరిపోతలేదు. బండి తయారైనంక పాతది ఒకటి, కొత్తది ఒకటి, రెండే పెట్టుండ్రి, అందరం చూసి సంతోషపడ్తం" అని. కింద ఇరవై మంది దాక బొటనవేలు గుర్తు కొట్టిన్రు, నేను గూడ కొట్టబోయి ఆగిన. రాసినాయన మంచి మనిషి, నాకు రెండుసార్లు సామాన్లు వెతికి పంపిండు, ఆయన మీద కోపమేం లేదు. గానీ ఆ మాట నాకు పొద్దంతా మనసుల పడ్డది. తప్పు మాట అనిపించింది, ఎందుకు తప్పో గ్రూపుల నాలుగు లైన్లల్ల చెప్పరాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

నేననేది ఏందంటే, తయారైన బండి ఫొటో పెట్టకపోయినా ఎవరికీ నష్టం లేదు. నడిమిట్ల ఫొటోలు మాత్రం పెట్టాలె, నూనె మరకలు, తుప్పు, తప్పు బిగించిన నట్టు, అన్నీ. మన అసలు పని ఆ ఫొటోలల్లనే ఉన్నది.

మా నాయిన బజాజ్ చేతక్ స్కూటర్ సంగతి చెప్తే అర్థమైతది. 1992ల కొన్న బండి, ఏపీ 24 నంబరు. నాయిన కరెంటు డిపార్ట్‌మెంట్ల లైన్‌మన్, కనగల్, చండూరు దిక్కు ఊర్లన్నీ దాని మీదనే తిరిగిండు. ఆయన పోయినంక ఆరేండ్లు అది ఇంటెనుక రేకుల కొట్టంల నిలబడ్డది. నేను దాన్ని తీద్దామని పోయిననాడు ఫుట్‌బోర్డు మీద కోడి పొదుగుతుండె, పిల్లలు అయ్యేదాక అమ్మ బండిని ముట్టనియ్యలే. తీసినంక చూస్తే ఫుట్‌బోర్డు కింద రేకు వేలు పెడితే పొడి రాలుతున్నది. చేతక్‌కు వేరే ఛాసిస్ ఉండదు, రేకు బాడీనే దానికి ఆధారం, ఆ రేకు పోయిందంటే బండి నడుము పోయినట్టే.

అది ఒక ఫొటో. పద్నాలుగు నెలలైనంక దసరానాడు ఇంటి ముంగట బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తీసింది రెండో ఫొటో. దానికి మూడు వందల డెబ్బై లైకులు వచ్చినయి. ఈ రెండింటి నడుమ నేను అరవై ఫొటోల దాక పెట్టిన, ఒక్కోదానికి మూడు నాలుగు లైకులు, కొన్నిటికి అవి గూడ లేవు.

ఇప్పుడు ఆ రెండు ఫొటోలు చూసినోడు ఏం చేస్తడు? "మస్తుంది అన్న" అంటడు, గుండె గుర్తు పెడ్తడు, పోతడు. వాని ఇంట్ల గూడ తాత బండో మేనమామ బండో మూలకు పడి ఉంటది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఆ రెండు ఫొటోలతోని రాదు. రాకపోగా ఉన్న ధైర్యం పోతది. "గింత తుప్పు బండి గింత మెరిసేటట్టు అయ్యిందంటే పైసలు మస్తు పెట్టిండు, పెద్ద మిస్త్రి దొరికిండు, మనతోని కాదు" అనుకుంటడు. నేను గూడ రెండేండ్లు అట్లనే అనుకుంట కూసున్న.

రాయి మీద నంబరు

అలంపురం పోయినోళ్లకు సంగమేశ్వరుని గుడి తెలుసు. అది మొదట అక్కడిది కాదు, కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి కాడ ఉండె. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లల్ల మునుగుతదని విప్పి తెచ్చి అలంపురంల మళ్ల కట్టిన్రు. మన సాగర్ కాడ గూడ అంతే, 1954 నుంచి 1960 దాక నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికిన కట్టడాలల్ల కొన్నిటిని కొండ మీద, అనుపు కాడ తిరిగి నిలబెట్టిన్రు.

చిన్నప్పుడు ఎక్స్‌కర్షన్‌కు పోయినప్పుడు ఇవన్నీ చూసి "గుడి" అనుకుని దండం పెట్టి వచ్చినం. ఈ బండి పని మొదలుపెట్టినంక మళ్ల అలంపురం పోయిన, ఈసారి గోడ కాడ నిలబడి రాయికి రాయికి నడుమ సందులు చూసుకుంట ఉండిపోయిన. గుడి విప్పుడు పెద్ద కష్టం గాదు, కూలగొట్టేటోళ్లు చరిత్రల మస్తుమంది ఉన్నరు. ఏ రాయి యాడిదో, ఏ వరుసదో, దాని పక్కన ఏది ఉండెనో రాసిపెట్టుకోకుంటే మాత్రం అది రాళ్ల కుప్ప. నంబరు వేసినందుకే అది మళ్ల గుడి అయ్యింది. నా మటుకు నడిమిట్ల తీసిన ఫొటో అంటే గా రాయి మీది నంబరే. విప్పేటప్పుడు వేసుకోవాలె, కట్టినంక వేస్తనంటే కుదరదు.

ఇది నాకు తెలివి ఉండి తెలిసింది కాదు, పోగొట్టుకుని నేర్చుకున్న.

చేతక్ హ్యాండిల్ నుంచి ఇంజన్ దాక క్లచ్ వైరు, రెండు గేరు వైర్లు, ఎక్సలేటర్ వైరు, వాటితోపాటు కరెంటు వైరింగు, అన్నీ బాడీ లోపలి సొరంగంలకెళ్లే పోతయి. బయటికి ఏమీ కనబడదు. పాత వైరు గుంజేటప్పుడు దాని కొసకు ఒక దారమో సన్న తీగో కట్టి గుంజాలె, పాతది బయటికి వస్తుంటే తీగ లోపలికి పోతది, ఆ తీగ కొసకు కొత్త వైరు కట్టి వెనక్కి గుంజుకోవాలె. మిస్త్రీలందరికీ తెలుసు ఇది, వాళ్లకు ఎంత మామూలంటే ఎవరూ చెప్పరు. నాకు తెల్వదు. ఒక ఆదివారం ఊపుమీద అన్నీ పటపట గుంజి పారేసిన, ఖాళీ అయిన బాడీని చూసి మస్తు పని అయ్యిందనుకున్న.

తర్వాత రెండు ఆదివారాలు ఆ సొరంగంల వైరు దూర్చుడే పని. బైండింగ్ వైరు పెట్టి చూసిన, సైకిల్ బ్రేకు వైరు పెట్టి చూసిన, హ్యాండిల్ గొట్టం దాటినంక ఒక ఒంపు కాడ తగిలి ఆగుతది, టార్చిలైటు వేస్తే చీకటి తప్ప ఏం కనబడదు. వీడియోలు వెతికిన. అన్ని వీడియోలల్ల గా ముక్క కోసేసిన్రు, బాడీ ఖాళీగ ఉంటది, పాట మారుతది, వైర్లు ఎక్కి ఉంటయి. ఆఖరికి ఒక ఫొటో దొరికింది, వియత్నాంల ఎవరో పెట్టిన పాత వెస్పాది. కింద రాసింది ఒక్క అక్షరం అర్థం కాలే. ఫొటో గూడ కొంచెం అదిరినట్టు ఉన్నది, మూలకు నూనె అంటిన వేళ్లు కనబడుతున్నయి. గానీ గొట్టం కాడ ఏ సందులకెళ్లి ఏ వైరు పోవాలెనో అందుల సాఫ్‌గ ఉన్నది. బజాజోళ్లు 1971 దాక ఇటలీ కంపెనీ పియాజియో లైసెన్సుతోని వాళ్ల వెస్పా స్కూటర్‌నే తయారుచేసిన్రు, 1972ల చేతక్ వచ్చింది గూడ ఆ పునాది మీదనే, అందుకే అక్కడి సందు ఇక్కడ సరిపోయింది. ఇరవై నిమిషాలల్ల నాలుగు వైర్లు ఎక్కినయి.

ఆ ఫొటోకు నేను చూసేటాలకు ఒక్క లైకు లేదు. ఆ మనిషికి నల్లగొండల ఒకడు కొట్టంల కూసొని దండం పెట్టిండని తెల్వదు. ఆయన గూడ "తయారైనంక రెండు ఫొటోలు చాలు" అనుకుని ఉంటే నేను ఏం చేస్తుంటినో.

(ఎక్కించినంక గేర్లు ఉల్టా పడ్డయి, ఆ రెండు గేరు వైర్లు తారుమారైతే అట్లనే అయితది. అది మాత్రం నేనే పట్టుకున్న, పట్టుకున్నంక ఏది పైకి ఏది కిందికో ఫొటో తీసి పెట్టిన.)

గాలి తీసినవా?

చూసెటోళ్లకే లాభం అనుకుంటే అది గూడ సగం మాటే. పెట్టినోనికి గూడ ఉన్నది. అప్పటికి పని మొదలుపెట్టి రెండు నెలలు, వెనుక చక్రం తీసి అరుగు మీద పెట్టి, పానా నట్టు మీద ఉన్నట్టుగనే ఒక ఫొటో తీసి గ్రూపుల వేసిన, "ఈరోజు టైర్ల పని" అని. రెండు నిమిషాలు కాలేదు, ఫోన్ మోగింది. జడ్చర్ల దిక్కు టైర్ల షాపు నడిపే అన్న, అంతకుముందు ఎన్నడూ మాట్లాడినోడు గాదు. హలో గూడ అనలే, "తమ్మీ, గాలి తీసినవా?" అన్నడు. తియ్యలే అన్న. "పానా కింద పెట్టు ముందు" అన్నడు.

చేతక్ రిమ్ము ఒకటే ముక్క కాదు, రెండు సగాలు కలిపి నట్లతోని బిగించి ఉంటది. టైరుల గాలి ఉండంగ ఆ నట్లు విప్పితే లోపలి ప్రెషర్‌కు సగం రిమ్ము లేచి మొఖం మీదికి వస్తది. నేను మొఖం దాని మీదనే వంచి కూసున్న. ఆ అన్న తన షాపుల ఒక పోరగానికి దవడ పగిలింది చెప్పిండు, నాకు చేతులు చల్లబడ్డయి. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోయేదాక నొక్కి పట్టుకొని కూసున్న.

తయారైన బండి ఫొటో చూసి ఎవరూ ఫోన్ చేసి మనల్ని ఆపరు. ఆపడానికి అక్కడ ఏమీ మిగిలి ఉండదు.

అమ్మ మాట, చాచా మాట

దీనికి ఎదురు మాటలు లేవా అంటే ఉన్నయి, కొన్ని నన్ను నిజంగనే ఇబ్బంది పెట్టినయి.

మొదటిది అమ్మది. "సగం పని లోకానికి చూపెట్టొద్దు కొడుకా, నరుని కంటికి నల్లరాయి గూడ పగుల్తది" అని. నేను అమ్మ మాటను తేలికగ తీసుకోను. గానీ మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు ఏం చేస్తం? బేస్‌మెంట్ నుంచి స్లాబు దాక అంతా రోడ్డు మీదనే, వచ్చేటోడు పోయేటోడు చూస్తనే ఉంటడు, "పిల్లర్ జర వంకర ఉన్నట్టుంది" అని చెప్పి పోతడు. దాచిపెట్టం, గుమ్మడికాయ కట్టి, దిష్టిబొమ్మ పెట్టి కడ్తం. ఈ మాట అంటే అమ్మ కొద్దిసేపు ఆలోచించి, లోపలికి పోయి నిమ్మకాయ మిరపకాయలు గుచ్చి తెచ్చి, రంగు గీకిన బోడి బాడీకి హ్యాండిల్ గొట్టం కాడ కట్టింది. ఆ ఫొటో గూడ పెట్టిన.

రెండోది డెంటింగ్ చాచాది. ఫుట్‌బోర్డు కింద రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసింది ఆయన, నేను పక్కన నిలబడి ఎమరీ పేపర్ అందించిన. నాలుగు నెలలైనంక ఒకనాడు ఆయన కొడుకు ఫోన్‌ల నా ఫొటోలు చూపెట్టిండంట. నేను షెడ్డుకు పోతే కోపం లేకుండనే అన్నడు: "బేటా, ఫొటోలల్ల అంతా నీ చెయ్యే ఉన్నది గదా." నేను ఇంటికొచ్చి మొదటి నుంచి అన్నీ చూసుకున్న. నిజమే. పానా పట్టుకున్నది నా చెయ్యి, పెయింట్ గీకేది నా చెయ్యి. ఆయన వెల్డింగ్ చేసినంక చల్లారినాక వచ్చి దాని మీద చెయ్యి పెట్టి ఫొటో తీసుకున్న. ఎవరు చూసినా నేనే అతికించిన అనుకుంటరు. ఇది చిన్న విషయమని నేను అనుకోను. మనం సరదాకు చేసేది ఆయనకు బతుకుదెరువు, ఆయన నలభై ఏండ్ల హస్తవాసి మన లైకుల కింద కనబడకుండ పోతే అది దొంగతనమే. ఆనాటి నుంచి ఎవరి పని వాళ్ల చేతులతోనే ఫొటో తీసిన, కింద "ఇది చాచా చేసింది" అని రాసిన.

అదే చాచా ఒక ఫొటో మాత్రం పెట్టొద్దన్నడు. అద్దాలు పెట్టుకోకుండ, కండ్లు చిన్నగ చేసుకొని మంట పెడుతున్నది అది. "పోరగాండ్లు చూస్తే గిట్లనే చేస్తరు, నా కండ్లు ఎట్లనో అయిపోయినయి" అన్నడు. పెట్టలే. అన్నీ పెట్టాలె అన్న నా మాటకు ఇది అడ్డం పడ్డదని నాకు తెలుసు. పద్ధతి తప్పితే "తప్పు" అని రాసి పెట్టొచ్చు అనుకున్న, మళ్ల ఆలోచిస్తే ఆ ఫొటో నాది కాదు, ఆయనది, ఆయన వద్దంటే వద్దు.

సామాన్ల రేట్లు పెరుగుతయన్న మాట గూడ ఉన్నది, ఫొటోలు చూసి హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌ల పాత స్పీడోమీటర్లకు రేటు పెంచుతున్నరని. అది తయారైన బండ్ల మెరుపు చూసి పెరిగేది, తుప్పు చూసి కాదు, దాని మీద నేను ఎక్కువ మాట్లాడను.

ఇంకొకటి, సగంల ఆపేసినోళ్లు. దేవరకొండ దిక్కు ఒక తమ్ముడు రాజ్‌దూత్ మొదలుపెట్టి పదకొండు ఫొటోలు పెట్టి మాయమైండు. అందరూ "గాయన బండి ఏమైంది" అని నవ్వుకుంటరు. ఆ పదకొండు ఫొటోలల్ల క్లచ్ ప్లేట్లు విప్పిన వరుస, న్యూస్‌పేపర్ మీద ఒక్కో వాషర్‌ను తీసిన క్రమంల పేర్చి పెట్టింది ఉన్నది. అంత శుభ్రంగ పెట్టిన ఫొటో నేను ఇంకోటి చూడలే. ఆయన బండి తయారు కాకున్నా ఆ ఫొటోతోని వేరేటోళ్ల బండ్లు తయారైనయి.

పరుగు

అసలు భయం వేరేది. కెమెరా పనిని మారుస్తది. ఇది నేను ఒప్పుకోవాలె.

రంగు కాడ చూసిన. బండి లేత నీలం. ప్రైమర్ ఫొటో పెట్టంగనే "మ్యాట్ బ్లాక్ కొట్టు అన్న", "రెండు రంగులు కొట్టు" అని వరద. నేను ఎనిమిది రోజులు ఊగిన. నాయిన బండికి ఏ రంగు వెయ్యాలెనో నాకు ముఖం తెల్వనోళ్లను అడుగుతున్ననేందని ఒక రాత్రి బాధైంది. ఆర్సీల బ్లూ అని ఉన్నది, రంగు మారిస్తే అక్కడ గూడ రాయించాలె, దాంతోని తేలిపోయింది. గానీ ఏ నీలం? ముప్పై ఏండ్ల ఎండకు బయటి రంగు వెలిసిపోయింది. స్పీడోమీటర్ విప్పినంక దాని కింద ఎండ తగలని జాగల అరచేయంత అసలు నీలం అట్లనే ఉన్నది, పెయింటరన్న దాన్ని చూసి కలిపిండు. ఆ ఫొటో పెడితే ఇద్దరు రాసిన్రు, మేం గూడ అట్లనే వెతుకుతం అని. అంటే ఊపింది ఫొటోనే, దారి చూపింది గూడ ఫొటోనే.

వీడియోలోళ్లు ఇంకా పోయిన్రు, మంచిగున్న సామానుకే తుప్పు రంగు, మట్టి పూసి, మళ్ల కడిగి రిస్టోరేషన్ అని పెడ్తున్నరు. వాళ్లకు గావాల్సింది మొదటిది, చివరిది, అంతే. నడిమిట్లది పని, దాన్ని నకిలీ చేసుడు కష్టం.

నన్ను పరుగు పెట్టించింది గూడ చివరిదే. ఆగస్టుల ఒకనాడు "దసరాకు తయార్" అని రాసిన. రాసినకాడి నుంచి రోజూ ఎవరో ఒకరు అడుగుడు, "ఇంకెన్ని రోజులు అన్న", "ఫైనల్ లుక్ ఎప్పుడు". పండుగ నాలుగు రోజులున్నదనంగ బాడీ ఎత్తి పెయింట్‌కు పంపిన, పొద్దుగాల పంపి సాయంత్రం తెచ్చుకోవాలెనని. హ్యాండిల్ కింద సామాన్లు పెట్టుకునే డబ్బ ఉంటది, దాని మూత గూడ విప్పకుండ అట్లనే ఇచ్చిన. ఎప్పుడైనా ఒక్కో ముక్క విప్పి, రెండు దిక్కుల ఫొటో తీసి, సంచిల వేసి పేరు రాసి ఇచ్చెటోన్ని. ఆనాడు దసరా ఫొటో ఒక్కటే కండ్ల ముందు ఉన్నది.

డబ్బ మూత లోపటి దిక్కు నాయిన లెక్క రాసుకునేది. పెట్రోల్ పోయించిన ప్రతిసారి తారీఖు, రీడింగు, లీటర్లు, బాల్ పెన్నుతోని ఒత్తి ఒత్తి. పాతవి అరిగిపోతే వాటి మీదనే కొత్తవి. నాకు చిన్నప్పటి నుంచి తెలుసు అది, కొట్టంల బండి తీసిననాడు గూడ చూసిన, తర్వాత తీద్దాంలే ఫొటో అనుకున్న. బండి సాయంత్రం వచ్చింది, అద్దం లెక్క మెరుస్తున్నది. మూత తెరిచిన. లోపల గూడ అంతే నున్నగ, లేత నీలం. పెయింటరన్న తప్పేం లేదు, పని మంచిగ చేసిండు, పాత గీతలు కనబడొద్దని ఇంకింత మంచిగ రుద్దిండు. అమ్మకు ఆరోజు చెప్పలే.

మూడు వందల డెబ్బై లైకుల ఫొటోల ఆ మూత మూసి ఉంటది.

పండుగైన పదిహేను రోజులకు ఒకాయన పాత పోస్టు మీద అడిగిండు, డబ్బ తాళం స్ప్రింగు యాడ దొరికింది అన్నా అని. వెనక్కి పోయి చూస్తే మార్చిల నేనే పెట్టిన ఫొటో, తాళం లోపటి స్ప్రింగు పోయింది, కొలత ఎవరికైనా తెలుసా అని అడిగింది. నాలుగు లైకులు. మూత తెరిచి ఎడమ చేత్తోని పట్టుకొని దగ్గరికెళ్లి తీసిన. తాళం నడిమిట్ల ఉన్నది, దాని పక్కన మూత లోపటి రేకు మూడు వేళ్ల మందం వచ్చింది. పెద్దగ చేసి చూసిన. 14-9-96, 21340, 3 లీ. దాని కింద 22-9-96, రీడింగు సగం చెరిగింది, 2 లీ. నాయిన తొమ్మిదికి తోక గుండ్రంగ తిప్పేది, అట్లనే ఉన్నది.

అమ్మను పిలిచి చూపెట్టిన. కండ్లద్దాలు తెచ్చుకొని చూసి, "దీని కింద ఇంకా ఉండాలె గదా" అన్నది. ఉన్నయి. అక్కడ నా బొటనవేలు ఉన్నది.